వసూలుకు మేము కావాలి, రూలు రాసేటప్పుడు వద్దా?

(హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర జరిగిన మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం పేరు చాలా పెద్దది. ఆర్థిక నియంత్రణ సంస్థల్లో మహిళా నాయకత్వం. కాగితం మీద చూసి ఇది నా పని కాదనుకున్నాను. నేను పదో తరగతి దాకా చదివిన మనిషిని, రెండెకరాల చెలక చేసుకునేదాన్ని. తర్వాత ఆలోచిస్తే ఇది నా పనే అనిపించింది. నియంత్రణ అంటే ఏంది? అప్పు ఎవరికి ఇవ్వాలి, ఎంత వడ్డీ తీసుకోవాలి, ఏ తారీఖుకు కట్టాలి, కట్టకపోతే ఇంటికి ఎవరు రావాలి, ఎన్ని గంటల లోపు రావాలి. ఈ రూళ్లు రాయడం, అవి అమలయ్యేట్టు చూడడం. ఆ రూళ్ల కింద బతికేది మనం. రాసేవాళ్లలో మనం ఉన్నామా లేమా అనేదే ఇవాళ్టి మాట.

ఈ మార్కెట్‌కు నేను మొదటిసారి వచ్చింది చిన్నప్పుడు, మా నాయిన వెంబడి. అప్పుడు పండ్ల వ్యాపారమంతా ఇక్కడే. 1980లలో అది కొత్తపేటకు పోయింది. మేము పాలమూరు దిక్కు వాళ్లం, సీతాఫలాల గంపలు తెచ్చేవాళ్లం. కాయ తెంపింది మా అమ్మ. గంపలో గడ్డి పరిచి, కాయ నలగకుండా పేర్చింది మా అమ్మ. ఇక్కడ కమీషన్ దుకాణంలో తక్‌పట్టీ మీద పేరు మాత్రం మా నాయినది. అందులో తప్పు ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు, మా అమ్మకు కూడా. ఐస్‌క్రీం కొనిపెడతానని మా నాయిన చెప్పి తీసుకొచ్చాడు, డబ్బులు చేతికి రాలేదని తిప్పి తీసుకుపోయాడు. అదొక్కటే నాకు అప్పుడు బాధ.

ఈ రాతి మార్కెట్‌ను నిజాం 1935లో కట్టించాడు. రిజర్వ్ బ్యాంకు పని మొదలుపెట్టింది కూడా అదే సంవత్సరం, ఏప్రిల్ 1న. ఇద్దరికీ ఒకటే వయసు. ఈ తొంభై ఏళ్లలో రిజర్వ్ బ్యాంకుకు ఇరవై ఆరు మంది గవర్నర్లు వచ్చారు. ఒక్క ఆడమనిషి లేదు. డిప్యూటీ గవర్నర్‌గా మొదటి మహిళ కె.జె. ఉదేశి, 2003లో. తర్వాత శ్యామలా గోపీనాథ్, ఉషా థోరట్ వచ్చారు. 2011లో శ్యామలా గోపీనాథ్ దిగిపోయాక ఆ కుర్చీల్లో మళ్లీ ఒక మహిళ, పూనమ్ గుప్తా, కూర్చునేసరికి 2025 మే వచ్చింది. దాదాపు పద్నాలుగేళ్లు. ఒక పిల్ల పుట్టి హైస్కూలుకు పోయేంత కాలం.

ఇది విని, పైన ఒక మహిళను కూర్చోబెడితే సరిపోతుందా అని మీరు అడగాలి. నేనూ అదే అడుగుతాను, ఎందుకంటే మన అనుభవం వేరే సంగతి చెప్తున్నది.

2010 గుర్తుందా? ఆ ఏడు రిజర్వ్ బ్యాంకులో నలుగురు డిప్యూటీ గవర్నర్లలో ఇద్దరు మహిళలే. వాళ్లలో ఉషా థోరట్ లీడ్ బ్యాంకు పథకాన్ని సమీక్షించిన కమిటీకి అధ్యక్షురాలు. రెండు వేల జనాభా దాటిన ప్రతి ఊరికీ బ్యాంకు సేవ అందాలని 2009లో చెప్పింది ఆ కమిటీయే. మంచి పని చేసిన మనిషి, కాదనను. కానీ సరిగ్గా ఆ కాలంలోనే మన ఊళ్లలో మైక్రోఫైనాన్స్ మంట లేచింది. కృష్ణా జిల్లాలో 2006లోనే కలెక్టర్ కంపెనీల శాఖలకు తాళాలు వేయించారు. అయినా నాలుగేళ్లు ఎవరూ కదల్లేదు. 2010లో హైదరాబాద్‌లో పెరిగిన ఎస్‌కేఎస్ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్‌లో ఎగబడి కొన్నారు. రెండు నెలలు తిరక్కుండానే అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. కట్టలేక ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల వార్తలు పేపర్లలో రోజూ వస్తున్న రోజులవి.

అంటే ఏమిటి? బొంబాయిలో మహిళ ఉంది, ఊళ్లో మహిళ ఉంది. మధ్యలో దారి లేదు. మన గ్రామ సమాఖ్యలో మూలుగు బొంబాయి దాకా వినపడే దారి లేదు. నా మాట ఆ దారి గురించే.

ఆ ఆర్డినెన్స్ 2011లో చట్టమైంది. అందులో మనకు పనికొచ్చిన సంగతులు ఉన్నాయి. వారం వారం వసూలు కుదరదు, నెలకోసారే. ఇంటి మీదికి రావద్దు, పంచాయతీ ఆఫీసు దగ్గర వసూలు చేసుకోవాలి. వడ్డీ అసలును మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కంపెనీ జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి, డీఆర్‌డీఏ ప్రాజెక్టు డైరెక్టర్ దగ్గర. అంటే నియంత్రించే అధికారి జిల్లా కేంద్రంలోనే ఉన్నాడు. పదిమంది కలిసి ఆర్టీసీ బస్సెక్కి పోతే పొద్దున్నే దొరికేవాడు.

ఆ చట్టం కథ మారింది. రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకు ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. దానికి ముందటేడే సుప్రీంకోర్టు కేరళ, గుజరాత్ చట్టాల మీద అలాంటి తీర్పే ఇచ్చింది. కోర్టు తీర్పును నేను తప్పు పట్టను, రాజ్యాంగంలో ఎవరి పని ఎవరిదో వాళ్లు చూస్తారు. కానీ ఫలితం ఏమిటి? బస్సెక్కి పోతే దొరికే అధికారి చేతిలో ఇప్పుడు ఆ కంపెనీల మీద పట్టు లేదు. పట్టంతా రిజర్వ్ బ్యాంకుదే. అందుకే రిజర్వ్ బ్యాంకులో, నాబార్డులో, బ్యాంకర్ల కమిటీల్లో ఎవరు కూర్చుంటారనేది ఇవాళ చదువుకున్నోళ్ల ముచ్చట మాత్రమే కాదు, మన ఇంటి గడప ముచ్చట.

మా ఊళ్లో మళ్లీ గ్రూపు మీటింగులు మొదలయ్యాయి. మా ఇంటి పక్క చెల్లె ఒకామె, పేరెందుకు, నాలుగు కంపెనీల దగ్గర తీసుకున్నది. ఒకటి బోరుకు, ఒకటి ఆ బోరు అప్పు కట్టడానికి, మిగిలిన రెండు ఈ రెండు కట్టడానికి. కౌలు పత్తి. పట్టా ఆమె పేర లేదు, మొగుడి పేరా లేదు, పట్నంలో ఉన్న ఆసామి పేర ఉంది. అందుకని పంట రుణం రాదు. పోయిన ఏడు వానకు పత్తి నల్లబడింది. రాత్రి ఎనిమిదింటి దాకా ఒక పిల్లగాడు ఆమె అరుగు మీద కూర్చున్నాడు. వాడూ మన రైతు బిడ్డే, నెల జీతం కోసం. నేను పోయి, "ఆరు దాటినంక రావొద్దని రూలు ఉంది బిడ్డా, లే" అన్నాను. వానికి ఆ రూలు తెల్వదు. ఆమెకూ తెల్వదు.

ఆ రూలు ఉన్నది. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ఆదేశాల్లో ఉన్నది. సంవత్సరానికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే తాకట్టు లేని అప్పు మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ కుటుంబం నెల నెలా కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. వడ్డీ, ఖర్చులన్నీ అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇవ్వాలి. ముందే కట్టేస్తే జరిమానా ఉండదు. మొదట కంపెనీకి ఫిర్యాదు రాసియ్యాలి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, 14448కి ఫోను చేసి ఎట్లా రాయాలో అడగవచ్చు. ఈ ముక్కలు రాసుకోండి, ఊళ్లో గోడ మీద రాయండి.

కానీ అదే ఆదేశాలు అంతకుముందున్న వడ్డీ పరిమితిని తీసేశాయి. 2010 గొడవ తర్వాత మాలెగాం కమిటీ వేశారు, ఆ కమిటీ చెప్పినదాన్ని బట్టి రిజర్వ్ బ్యాంకు మొదట 26 శాతం గీత గీసింది. ఒక మనిషికి రెండు మైక్రోఫైనాన్స్ కంపెనీలకు మించి అప్పు ఇవ్వొద్దని చెప్పింది. 2022లో వడ్డీ పరిమితీ, రెండు కంపెనీల రూలూ పోయి, వడ్డీ ఎంతో కంపెనీ బోర్డే నిర్ణయించుకోవచ్చని వచ్చింది. నెల ఆదాయంలో సగం అంటున్నారు, మంచిదే. కౌలు రైతు నెల ఆదాయం ఎంతని ఏ అధికారి లెక్క కడతాడు? మనకు పైసలు కనపడేది పత్తి అమ్మిన రెండు నెలలు. మిగిలిన పది నెలలు చేతి నుంచి పోయేవే. ఆ రూలు రాసే గదిలో ఒక్క పత్తి రైతు భార్య ఉంటే, నెలను కాదు సీజన్‌ను లెక్క కట్టమని చెప్పేది.

ఆ గదిలోకి మన దిక్కు నుంచి ఒకరు వెళ్లిన సందర్భం ఉంది, అది మనం మరిచిపోయాం. మాలెగాం కమిటీలో ఒక్కతే మహిళ, శశి రాజగోపాలన్. హైదరాబాద్ నుంచి ఏళ్ల తరబడి సహకార సంఘాలతో పనిచేసిన మనిషి, రిజర్వ్ బ్యాంకు సెంట్రల్ బోర్డులో ఉన్నారు. 1995లో మ్యాక్స్ చట్టం, అంటే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది కదా, ప్రభుత్వం పెత్తనం లేకుండా సభ్యులే సంఘం నడుపుకోవాలని, ఆ చట్టం వెనకున్న సహకార ఉద్యమంలో పనిచేసినవారు. ముల్కనూరు, వరంగల్ దిక్కు మహిళా పొదుపు సంఘాలు ఆ గాలిలోనే పెరిగాయి. కమిటీ చెప్పినవన్నీ మనకు నచ్చకపోవచ్చు. రాష్ట్ర చట్టం అక్కర్లేదన్న ధోరణి దానిలో ఉండింది, నాకు అది నచ్చలేదు. అయినా ఆ కమిటీలో పొదుపు సంఘం పుస్తకం చేతితో తిప్పి చూసిన మనిషి ఒకరున్నారు. ఆమె తర్వాత ఆ దారి నుంచి ఇంకొకరిని మనం తయారు చేశామా? నాకు తెలిసి ఆ ప్రశ్న కూడా వేసుకోలేదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ ఇది చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధమవుతుంది. కొన్నేళ్ల కింద నేను గ్రామ సమాఖ్య తరఫున ఒక బ్యాంకు బ్రాంచిలో రికవరీ కమిటీ సభ్యురాలిని. నెలకోసారి కూర్చోబెట్టి ఏ సంఘం ఎంత బాకీ ఉందో చదివేవాళ్లు. టీ ఇచ్చేవాళ్లు, మేడమ్ అనేవాళ్లు. బాకీ ఉన్న సంఘం ఇంటికి పోయి కూర్చోవడం మా పని. ఒకసారి మా వాడకట్టులోనే ఒక అక్క ఇంటి ముందు ఐదుగురం పోయి కూర్చున్నాం. ఆమె లోపలి నుంచి బయటికి రాలేదు. కోడలు వచ్చి చెవులకున్న కమ్మలు తీసి మా ఒళ్లో పెట్టింది. ఆ నెల మా బ్రాంచిలో రికవరీ నూటికి తొంభై ఎనిమిది. మేనేజర్ సారు చప్పట్లు కొట్టించారు. ఆ తర్వాత ఆ అక్క నాతో మూడేళ్లు మాట్లాడలేదు.

అదే బ్రాంచిలో నేనొకసారి అడిగాను. "సార్, కిస్తీ తారీఖు పంటలు అమ్ముకున్నంక పెట్టొచ్చు గదా" అని. అది మా చేతిలో లేదమ్మా, పైనుంచి వస్తుంది అన్నారు. పైన అంటే ఎక్కడ అని అడిగితే ఆయనకూ సరిగ్గా తెలియదు. చూడండి, వసూలు చేసేటప్పుడు మేము నాయకులం. రూలు మార్చమన్నప్పుడు లబ్ధిదారులం. ఈ తేడా నన్ను ఇప్పటికీ కాలుస్తది.

మన ఆడవాళ్లకు లెక్క రాదు, పెద్ద విషయాలు తెలియవు అనేవాళ్లకు ఒక ముచ్చట. మహారాష్ట్రలో సతారా జిల్లా మ్హస్వాడ్ అనే కరువు ఊరు ఉంది. అక్కడ చేతనా సిన్హా అనే ఆమె ఊరి ఆడవాళ్లతో కలిసి బ్యాంకు పెడదామని దరఖాస్తు ఇచ్చింది. పెట్టేవాళ్లకు చదువు రాదని రిజర్వ్ బ్యాంకు తిప్పి పంపింది. ఆడవాళ్లు ఏడ్చుకుంటూ కూర్చోలేదు, కొన్ని నెలలు అక్షరాలు నేర్చుకున్నారు. తర్వాత అధికారుల ముందుకు పోయి, మాకు చదువు తక్కువే, కానీ ఏ అసలుకైనా వడ్డీ ఎంతో నోటితో చెప్తాం, మీ వాళ్లను కూడా యంత్రం లేకుండా లెక్క కట్టమనండి అన్నారని ఆమే చెప్తుంటుంది. 1997లో మాణ్‌దేశీ మహిళా బ్యాంకు తెరిచారు. అంతకు ఇరవై మూడేళ్ల ముందు, 1974లో, అహ్మదాబాద్‌లో ఇలా భట్ వెంట నాలుగు వేల మంది ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసుకొని సేవా బ్యాంకు పెట్టారు.

మనమేం తక్కువ తినలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు చేశారు. అక్కడి నుంచి వచ్చిన పొదుపులక్ష్మి రాష్ట్రమంతా పాకింది. ఇక్కడికి దగ్గరే, నాంపల్లి హిల్‌ఫోర్ట్ రోడ్డులో సెర్ప్ ఆఫీసు. మైక్రోఫైనాన్స్ గొడవ తర్వాత 2011లో స్త్రీనిధి పుట్టింది. మండల సమాఖ్యలే వాటాదారులు, ప్రభుత్వం ఒక వాటాదారు. పాలకవర్గంలో మన సంఘాల నుంచి ఎన్నికైన ఆడవాళ్లు కూర్చుంటారు. నలభై ఎనిమిది గంటల్లో అప్పు చేతికి రావాలని పెట్టుకున్నారు. ఏ గ్రామ సమాఖ్య ఎట్లా నడుస్తున్నదో గ్రేడు వేసి, దాన్ని బట్టి ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. అది నియంత్రణ కాక ఇంకేమిటి? ఎండీ కుర్చీలో అధికారే కూర్చుంటాడు, ఆ సంగతి మనందరికీ తెలుసు, దాని మీద మన కొట్లాట మనకుంది. కానీ ఆ పాలకవర్గంలో ఐదేళ్లు కూర్చొని బ్యాలెన్స్ షీట్ చదివిన ఆడమనిషి పదవి దిగాక ఎక్కడికి పోతున్నది? మళ్లీ కలుపు తీయడానికి పోతున్నది. కలుపు తీయడం తక్కువ పని అనను, నేనూ తీస్తాను. ఆమె నేర్చుకున్నది ఎవరికీ పనికిరాకుండా పోతున్నది.

బంగారం సంగతి చూడండి. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు బంగారం తాకట్టు అప్పుల మీద ముసాయిదా పెట్టింది. ఆ బంగారం మీదేనని ఎట్లా రుజువు చేస్తారు అనే మాట అందులో వచ్చింది. తమిళనాడు రైతులు రోడ్డెక్కారు. చిన్న అప్పులను వదిలేయమని కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది. జూన్‌లో తుది రూళ్లు వచ్చేసరికి కొంత మెత్తబడింది, రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు. రైతులు అరవకపోతే? మా అమ్మ నాకు పెట్టిన పుస్తెలగుండ్లకు బిల్లు ఎక్కడిది? మా అమ్మమ్మ ఆమెకు పెట్టింది. ఆ ముసాయిదా రాసేటప్పుడే ఊరి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి అక్కడుంటే, రోడ్డెక్కే పని పడేది కాదు.

మరి ఏం అడుగుదాం? ఢిల్లీకి పోనక్కర్లేదు ముందు. మండలంలో బ్యాంకర్ల సమావేశం జరుగుతుంది. జిల్లాలో మూడు నెలలకోసారి లీడ్ బ్యాంకు మేనేజర్ డీసీసీ పెడతాడు, ఎంపీలు ఎమ్మెల్యేలు వచ్చే డీఎల్‌ఆర్‌సీ ఉంటుంది, రిజర్వ్ బ్యాంకు అధికారి కూడా వచ్చి కూర్చుంటాడు. బొంబాయికి మన మాట మోసుకుపోయే మనిషి ఆయనే. అక్కడ సమాఖ్య అధ్యక్షురాలిని పిలిస్తే వెనక వరుసలో కూర్చోబెట్టి ఫొటో తీసి పంపిస్తున్నారు. మూడు ప్రశ్నలు చేతిలో పట్టుకొని పోవాలి. ఈ జిల్లాలో పంట రుణాల్లో ఆడవాళ్ల పేరు మీద ఎన్ని? కౌలు చేసే ఆడవాళ్లకు ఎన్ని? మైక్రోఫైనాన్స్ బాకీ మండలాల వారీగా ఎంత? జవాబు మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి అనాలి. మాట పోతుంది, మినిట్స్ పోదు. దేశంలో అప్పున్న రైతు కుటుంబాల్లో మన రెండు రాష్ట్రాలదే మొదటి వరుస. 2019 కేంద్ర సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఇంత అప్పున్న చోట అప్పు లెక్క అడిగే హక్కు మనకు కాక ఎవరికి?

రిజర్వ్ బ్యాంకు చట్టంలో లోకల్ బోర్డులు అని ఉన్నాయి, దక్షిణానికి ఒకటి. ఆ ప్రాంతపు ఆర్థిక ప్రయోజనాలకు, సహకార బ్యాంకులకు ప్రతినిధులుగా మనుషులను కేంద్రం వేయాలని తొమ్మిదో సెక్షన్ చెప్తుంది. మండల సమాఖ్య నడిపిన ఆడమనిషి ఆ ప్రతినిధి ఎందుకు కాకూడదు? మన సంఘం ఈ అడుగుడు మొదలుపెట్టాలి. నవ్వుతారు. మ్హస్వాడ్ ఆడవాళ్లను చూసీ నవ్వే ఉంటారు.

ఇక మన బిడ్డల సంగతి. డిగ్రీ చదివిన పిల్లను కానిస్టేబుల్‌కో, గ్రూప్స్‌కో తయారు చేస్తున్నాం, మంచిదే. రిజర్వ్ బ్యాంకులో ఆఫీసర్ పరీక్ష ఉందని, నాబార్డులో ఉందని ఎంతమందికి తెలుసు? మొన్న ఒక తండ్రి, "అది మనలాంటోళ్లకు కాదు అక్కా" అన్నాడు. ఆయన కూతురు డ్వాక్రా లెక్కలు తప్పుల్లేకుండా రాస్తది. అశోక్‌నగర్‌లో హాస్టల్ ఫీజు కట్టలేకనే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. ఆ ఫీజు సంగతి సంఘం చూడాలి. ఎరువుల కొట్టుకు షట్టర్ కట్టడానికి చందాలు వేసుకున్నాం, దీనికీ వేసుకోవచ్చు.

ఆఖరుగా, మా పక్కింటి చెల్లె ఫిర్యాదు కంపెనీకి రాసియ్యడం అయింది. ముప్పై రోజులు ఇంకా నిండలేదు. జవాబు రాకపోతే సైఫాబాద్ రిజర్వ్ బ్యాంకు ఆఫీసు ఇక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు, మేము పదిమందిమి వస్తాం. తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు పెట్టాం. మీ మండలంలో బ్యాంకర్ల సమావేశం ఎప్పుడో, దానికి మీ నుంచి ఎవరు పోతారో పేరు రాసి పొండి. బస్సు టైం అయినవాళ్లు ముందు రాయండి, మిగిలినవాళ్లు టీ తాగి రాయొచ్చు.